ఇసుకయేళ్ళకు వరదగణితము

2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున పుదుచ్చేరికిని చెన్నపట్టణమునకును నడుమ తీరము దాటిన వాయుగుండము శేషాచలపు కొండలమీదను, చిత్తూరు పడమటి మిట్టలమీదను కుంభవృష్టి కురిపింపగా, ఏడాదిలో అధికభాగము ఇసుకతిన్నెలుగా మాత్రమే కనబడు స్వర్ణముఖి గట్లు కోసికొనుచు పారినది. కల్యాణి జలాశయమునకు గేట్లెత్తవలసివచ్చినది. తిరుపతి వీధులలో వాహనములు కొట్టుకొనిపోయినవి. తిరుమల ఘాట్‌రోడ్డుమీద కొండచరియలు విరిగిపడినవి. చిత్తూరులో నీవా యొడ్డు కాలనీలు నీట మునిగినవి. ఉత్తరమున చెయ్యేటి పరీవాహములోని పింఛా, అన్నమయ్య జలాశయములు ఒకదానివెనుక నొకటి తెగి, రాజంపేట ప్రాంతమున మందపల్లి, పులపత్తూరు, తొగురుపేట మొదలైన పల్లెలను ఊడ్చిపెట్టినవి.

ఇంతటి ఉత్పాతమును కొన్ని గంటల ముందుగానైనను లెక్కకట్టి, ఏ యూరికి ఏ వేళకు ఎంత లోతున నీరు వచ్చునో చెప్పవచ్చునా యను ప్రశ్న ఈ ప్రాంతపు ఇంజనీర్లకును, అధికారులకును, ఏటిగట్టున కాపురముండు సామాన్యులకును ఒక్కటే. వాననీరు నేలనుండి ఏటికిని, ఏటినుండి సముద్రమునకును చేరు క్రమమును సమీకరణములుగా వ్రాసి, వానిని కంప్యూటరుచేత సాధింపజేసి, రాబోవు వరదను ముందుగానే యంత్రములో నడిపించి చూచు విద్యకు నేటికి డెబ్బదియేండ్ల చరిత్ర కలదు. ఆ విద్యలోని ప్రధానపద్ధతులను వరుసగా పరిశీలించి, అవి తిరుపతి, చిత్తూరు సీమల ఏళ్ళకు ఎంతవరకు అన్వయించునో, ఎక్కడ చాలకపోవునో నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. చేరిన నిర్ణయమును ముందే మనవి చేసెదను: సమీకరణములకు కొరత లేదు, యంత్రశక్తికిని కొరత లేదు, కాని మన వరదల గణన మన చెరువులనుండియు, మన ఇసుకనుండియు, మన కొలతలనుండియు ఆరంభము కావలెను. అట్లు ఆరంభము కాని గణన ఎంత సూక్ష్మముగా కనబడినను నమ్మదగినది కాదు.

ఈ సీమ ఏళ్ళ స్వభావము

స్వర్ణముఖి పాకాల ప్రాంతపు కొండలలో పుట్టి, చంద్రగిరి, తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేటల మీదుగా సుమారు 130 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతమున కలియును. కల్యాణి దానికి ఉపనది. చిత్తూరు పట్టణమునడుమ పారు నీవా పొన్నైయేటిద్వారా పాలారును చేరును. పలమనేరు కౌండిన్యయు పాలారునే చేరును. నగరి దిక్కున కుశస్థలియు, పిచ్చాటూరు దిక్కున అరణియారును తమిళదేశమునకు దిగును. పడమటి మిట్టలనుండి వచ్చు బాహుదా, పింఛా మొదలైన ఏళ్ళు చెయ్యేరుగా నేర్పడి పెన్నలో పడును.

దిక్కులు వేరైనను ఈ ఏళ్ళకన్నిటికిని నాలుగు లక్షణములు ఉమ్మడిగా నున్నవి. మొదటిది, ఇవి పొట్టివి, వాలుగలవి. గోదావరి వరద పైతట్టు కొలతలనుబట్టి భద్రాచలమునకు ఎంతో ముందుగా తెలియవచ్చునుగాని, శేషాచలముమీద కురిసిన వాన కపిలతీర్థపు జలపాతముగా దుమికి తిరుపతి వీధులు చేరుటకు కొన్ని గంటలైనను పట్టదు. రెండవది, ఇవి సంవత్సరములో పెక్కునెలలు ఎండియుండి, తొలి ప్రవాహమును ఇసుకలోనికి త్రాగివేయును. మూడవది, ప్రతి వంకమీదను, ప్రతి వాగుమీదను పూర్వులు కట్టించిన గొలుసుకట్టు చెరువులున్నవి; ఏటిలోనికి వచ్చు నీరు చాలవరకు వాని మరవలమీదుగా వచ్చునదే. నాలుగవది, ఇచటి ఘోరవరదలు తరచుగా ఈశాన్యఋతుపవనకాలమున, అనగా అక్టోబరునుండి డిసెంబరువరకు, వాయుగుండములతోను తుపానులతోను వచ్చును. పైగా ఒక వాయుగుండము నేలను తడిపి పోయిన కొద్దిదినములకే మరియొకటి వచ్చుట కద్దు. 2021లో నవంబరు 11న చెన్నపట్టణముచెంత ఒక వాయుగుండము తీరము దాటినది. ఎనిమిదవనాడు రెండవది వచ్చునప్పటికి నేల ఇంకను ఆరలేదు, చెరువులు ఇంకను దిగలేదు. నిండుగా, నిదానముగా, నిత్యము ప్రవహించు పరదేశనదులను దృష్టియందుంచుకొని పుట్టిన గణనపద్ధతులను ఈ నాలుగు లక్షణముల యెదుట నిలిపి చూడవలసియున్నది.

వాన యెంత, పారుదల యెంత

కురిసిన వానలో నేల యింకించుకొనగా మిగిలి ఏటికి చేరునదెంత యనునది వరదగణనమున మొదటి మెట్టు. 1851లో ఐర్లండు ఇంజనీరు మల్వేనీ, వాన ఉధృతిని పరీవాహ వైశాల్యముతోను ఒక గుణకముతోను గుణించి గరిష్ఠప్రవాహమును చెప్పు సూత్రమును ప్రతిపాదించెను. మురుగుకాలువలకును చిన్న వంతెనలకును నేటికిని అదియే శరణ్యము. 1932లో అమెరికాలో షెర్మన్ అను ఇంజనీరు, ఒక పరీవాహముమీద ఏకప్రమాణముగా మిగులు వాన కురిసినయెడల ఏటిలో ప్రవాహము ఏ గంటకెంతగా పెరిగి తరుగునో ఒక రేఖగా గీచి, ఎంత వానకైనను ఆ రేఖలను కూర్చి వరదను నిర్మింపవచ్చునని చూపెను. ఏకప్రమాణ జలరేఖయను ఈ భావము కంప్యూటరు లేని కాలములో కాగితముమీద లెక్కకు ఎంత అనుకూలమో, యంత్రములోనికి ఎక్కించుటకును అంత అనుకూలమైనది.

అమెరికా వ్యవసాయశాఖలోని భూసంరక్షణసంస్థ రూపొందించిన వక్రసంఖ్యాపద్ధతి మన దేశమున మిక్కిలి ప్రచారములో నున్నది. నేల జాతి, పైరు, అడవి, కట్టడములు, ముందటి తడి అనువానినిబట్టి నూటికి లోబడిన ఒక సంఖ్యను ఎన్నుకొని, దానినుండి పారుదలను రాబట్టుదురు. దీని సారము ఒక్క ఉదాహరణమున తేటపడును. ఎర్రనేలయు, మెట్టపైరును గల ఒక పరీవాహమునకు ఆ సంఖ్య 75 అనుకొందము. ఒకనాడు 200 మిల్లీమీటర్ల వాన పడినచో అందులో సుమారు 125 మిల్లీమీటర్లు పారుదలయగును. అదే నేల వారముముందటి వానతో తడిసియున్నచో సంఖ్య సుమారు 88కి చేరును. అదే 200 మిల్లీమీటర్ల వానకు పారుదల 164 మిల్లీమీటర్లగును. ఈ 39 మిల్లీమీటర్ల వ్యత్యాసము నూరు చదరపు కిలోమీటర్ల పరీవాహముమీద సుమారు 0.14 టి.ఎం.సి. నీరు; అనగా ఒక పెద్ద చెరువును నింపదగినంత నీరు, వాన ఒక్క చినుకైనను పెరుగకయే, నేల తడిమూలముననే పుట్టుకొనివచ్చినది. నవంబరు మూడవవారపు వాయుగుండము మొదటి వాయుగుండముకంటె భయంకరమగుటకు గల కారణములలో ఇదియొకటి.

ఐనను ఈ పద్ధతి వానయొక్క కాలక్రమమును పట్టించుకొనదు. ఒక గంటలో పడిన వానయు ఒక దినములో పడిన వానయు దానికొక్కటే. ఈ లోటును పూరించుటకై 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున క్రాఫర్డ్, లిన్స్లే అను ఇరువురు, నేలపై తడి, నేలలోపలి తడి, భూగర్భజలము, ఆవిరి అనువానిని వేరువేరు కోశములుగా భావించి, గంటగంటకు వాని రాకపోకలను కంప్యూటరుచేత లెక్కింపజేసిరి. 1980 దశకమున డెన్మార్కు, ఇంగ్లండు, ఫ్రాన్సు దేశముల సంస్థలు కలిసి పరీవాహమునంతటిని చదరపుగళ్ళుగా విభజించి, ప్రతి గడిలోను భౌతికసూత్రములనే సాధించు పెద్దపద్ధతిని నిర్మించిరి. మన కల్యాణి పరీవాహమునందువలె అడవి, బండరాయి, మామిడితోట, గ్రామము కొద్దిదూరములోనే మారిపోవుచోట గళ్ళ పద్ధతి యుక్తమైనదే. కాని గడి గడికిని నేలగుణములు కావలెను, అవి మనయొద్ద లేవు. లేనిచోట ఊహించి వేసిన గుణకములు వేరువేరు కూర్పులలో కూడ ఒకే ఫలితమును ఇచ్చుచుండునని, కావున ఫలితము సరిపోయినంతమాత్రమున గుణకములు సత్యములని తలపరాదని ఆంగ్లశాస్త్రజ్ఞుడు కీత్ బెవెన్ 1990 దశకమునుండి చెప్పుచు వచ్చిన హెచ్చరిక ఇచట ప్రతిదినము స్మరింపదగినది.

ఏటిలోని నడక

ఏటిలో పడిన నీరు క్రిందికి ఎట్లు కదలునో చెప్పు మూలసూత్రములను ఫ్రెంచి పండితుడు సెయింట్ వెనాన్ 1871లో ప్రకటించెను. వచ్చిన నీరు మాయము కాదనునది ఒకటి. నీటి వేగము వాలుచేతను, పైనీటి ఒత్తిడిచేతను, అడుగు రాపిడిచేతను మారుననునది రెండవది. ఈ రెంటిని సంపూర్ణముగా సాధించుట చేతిలెక్కకు అసాధ్యమగుటచే, 1930 దశకమున అమెరికాలోని మస్కింగమ్ నదిమీద మెకార్తీ అను ఇంజనీరు, నదీఖండమునంతటిని ఒక నీటినిలువగా భావించి, పైనుండి వచ్చినదానికిని క్రిందికి పోవుదానికిని ఒక సరళసంబంధమును కల్పించెను. మస్కింగమ్ పద్ధతి రెండు గుణకములతో ముగియును. అందుచే నేటికిని చిరంజీవిగా నున్నది.

యంత్రయుగము 1950 దశకమున ఆరంభమయినది. న్యూయార్కు విశ్వవిద్యాలయమున స్టోకర్, ఐజాక్సన్, ట్రోష్ అను గణితజ్ఞులు ఓహియో నదికి 1945లో వచ్చిన వరదను సెయింట్ వెనాన్ సమీకరణములతోనే యూనివాక్ యంత్రములో మరల నడిపి, లెక్కకును కొలతకును సామ్యమును చూపిరి. 1961లో ఫ్రాన్సులో ప్రైస్మన్ కనిపెట్టిన సాధనక్రమము ఎంత పెద్ద కాలఖండమునైనను తట్టుకొనుచు నదీగణనమును నిత్యవ్యవహారముగా మార్చినది. 1964లో అమెరికా సైన్యపు ఇంజనీరింగు విభాగము కాలిఫోర్నియాలో నెలకొల్పిన జలశాస్త్రకేంద్రము 1995లో హెక్-రాస్ అను ప్రోగ్రామును వెలువరించినది. ఉచితముగా లభించుటచే అది మన విశ్వవిద్యాలయములందును నీటిపారుదలశాఖలందును పాఠ్యవస్తువైనది.

ఈ పద్ధతులన్నిటికిని ఏరు ఎల్లప్పుడును తడిగా నుండుననునది మౌనప్రతిజ్ఞ. ఎండిన ఇసుకమీద వరద ముఖము ముందుకు పరుగెత్తునపుడు దాని యెదుట లోతు సున్న. లోతుతో భాగించు సమీకరణము అచట అర్థహీనమగును. ఈ చిక్కును దాటుటకు ఏటినిండ సన్నని కాల్పనిక నీటిపొరను పరచి లెక్కింతురు. ఆ పొర గణితమును కాపాడును గాని, ఇసుక త్రాగు నీటిని లెక్కలోనికి తేదు. తొలి వరదలో అధికభాగము ఇసుకలోనికే పోవును. ఇసుక నిండిన పిదప వచ్చు వరద ఏమాత్రము తరుగక క్రిందికి చేరును. కావున ఇసుక లోతును, దాని అప్పటి తడిని గణనలో ఒక నిలువగా చేర్చనిదే స్వర్ణముఖి వరద శ్రీకాళహస్తికి ఎప్పుడు చేరునో చెప్పుట సాధ్యము కాదు.

అడుగు రాపిడికి మానింగ్ అను ఐర్లండు ఇంజనీరు 1889లో ప్రతిపాదించిన గుణకమునే లోకమంతయు వాడుచున్నది. శుభ్రమైన ఇసుకయేటికి అది సుమారు 0.03, కంపచెట్లు దట్టముగా పెరిగిన ఏటికి 0.06కు మించవచ్చును. వెడల్పైన ఏటిలో ఈ గుణకము రెట్టింపైనచో, అదే ప్రవాహమునకు నీటిమట్టపు లోతు సుమారు ఒకటిన్నర రెట్లగును. రెండు మీటర్ల లోతున పోవలసినది మూడు మీటర్ల లోతున పోవును. ఏటిలో పెరిగిన కంపను కొట్టించుట వరదరక్షణకార్యమే యని ఈ ఒక్క లెక్క చెప్పుచున్నది. ఇట్లే ఇసుక త్రవ్వకముచేత ఏటి అడుగు కొన్నిచోట్ల దిగిపోయి, గట్టులు నిట్టనిలువుగా మారి, పాత కొలతలతో గీచిన అడ్డుకోతలు నేటి యేటికి చెందనివైనవి. ప్రతి పెద్ద వరదయు ఏటిని తిరిగి మలచును. ప్రతి వరద పిమ్మటను ఏటిని తిరిగి కొలువనిదే ముందటి గణన చెల్లదు.

గట్టు దాటిన నీరు

ఏటిగట్టు దాటి పొలములలోనికి, వీధులలోనికి ప్రవేశించిన నీటికి ఒక్క దిశ లేదు. కావున గణనయు రెండు దిశలకు విస్తరింపవలెను. నేలను చిన్న చిన్న గళ్ళుగా విభజించి, గడినుండి గడికి పోవు నీటిని సమతూకముతో లెక్కించు ద్విపరిమాణపద్ధతి నేడు నగరవరదలకు ప్రమాణము. 1959లో రష్యా గణితజ్ఞుడు గోదునోవ్ వాయుప్రవాహములకై చూపిన మార్గము, నీటి యలల నిట్టనిలువు ముఖములను చెదరకుండ పట్టుకొనుటచే, తెగిన కట్టలనుండి దూకు ప్రవాహములకు మిక్కిలి అనువైనది. మరియొకవైపు 2000లో పాల్ బేట్స్, డి రూ అనువారు, కొన్ని పదములను విడిచి సమీకరణమును తేలికచేసి, విశాలప్రదేశములను తక్కువ కాలమున లెక్కింపగల లిస్‌ఫ్లడ్-ఎఫ్.పి. పద్ధతిని రూపొందించిరి.

సూక్ష్మత పెరిగినకొలది శ్రమయు ఎంతగా పెరుగునో తెలిసికొనవలెను. కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ అను మువ్వురు 1928లో నిరూపించిన నియమమునుబట్టి, ఒక్క లెక్కమెట్టులో అల ఒక గడిని మించి పోరాదు. నాలుగు మీటర్ల లోతున సెకనుకు రెండు మీటర్ల వేగముతో పోవు నీటిలో అల వేగము సెకనుకు సుమారు 8 మీటర్లు. 30 మీటర్ల గడికి కాలఖండము సుమారు మూడున్నర సెకన్లకు మించరాదు. గడిని 10 మీటర్లకు తగ్గించినచో గళ్ళు తొమ్మిదిరెట్లు, కాలఖండములు మూడురెట్లు. శ్రమ మొత్తము 27 రెట్లు. నేటి యంత్రములకిది భారము కాదు. నిజమైన భారము నేల ఎత్తులది. 2000లో అంతరిక్షనౌకనుండి రాడారుతో తీసిన ప్రపంచపు ఎత్తులపటము 30 మీటర్ల గళ్ళలో ఉచితముగా దొరకును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదనకేంద్రము కార్టోశాట్ ఉపగ్రహచిత్రములనుండి తీసిన పటములను అందించుచున్నది. కాని ఈ ఎత్తులలో కొన్ని మీటర్ల దోషము సహజము; తిరుపతి కాలనీలో నీరు ప్రవేశించునా లేదా యనునది అర మీటరు ఎత్తుగల ప్రహరీగోడమీదను, పూడిన కల్వర్టుమీదను, రైలుకట్టక్రింది తూముమీదను ఆధారపడును. నగరములో ఒక్కొక్క వీధికి విమానమునుండి గాని, డ్రోనునుండి గాని లేజరుతో తీసిన ఎత్తులపటము లేనిదే వీధివరకు దిగిన వరదపటము ఊహామాత్రమే.

గొలుసుచెరువుల గణన

ఇంతవరకు చెప్పినవి ఏ దేశమునకైనను చెల్లును. ఈ సీమకు విశేషమైన సమస్య చెరువులది. తిరుమల తిరుపతి ఆలయమునకు విజయనగరకాలమున వచ్చిన దానధనముతో దేవస్థానగ్రామములలో చెరువులు, కాలువలు త్రవ్వించినట్లు శాసనములు చెప్పుచున్నవి. కడపజిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయించిన 1369నాటి శాసనము మంచి చెరువునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను లెక్కించి చెప్పినది. కట్టనుండి నీరు ఊరుట ఆ దోషములలో నొకటి. 2021 నవంబరులో తిరుపతిచెంత రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్టనుండి నీరు ఊరుట కనబడినంతనే క్రింది గ్రామములను ఖాళీచేయించి, ఇసుకబస్తాలతో కట్టను కాపాడుకొనవలసివచ్చినపుడు, ఆ శాసనకర్త ఎరిగిన దోషమే ఆరువందల యేబదియేండ్ల తరువాత మన యెదుట నిలిచినది.

ఒంటి చెరువు లెక్క కష్టమైనది కాదు. వచ్చిన నీటినుండి పోయిన నీటిని తీసివేసిన నిలువ పెరుగుదల, నిలువనుబట్టి మట్టము, మట్టమునుబట్టి మరవమీద పారుదల. 50 మీటర్ల పొడవుగల మరవమీద ఒక మీటరు ఎత్తున నీరు పారినచో సెకనుకు సుమారు 85 ఘనపుమీటర్లు, అనగా మూడువేల క్యూసెక్కులు పోవును. ఎత్తు రెండు మీటర్లైనచో పారుదల రెండురెట్లు గాక సుమారు 2.8 రెట్లగును. మరవక్రింది కాలువ ఆక్రమణకు గురియైనను, ఎక్కువ నీరు నిలుపుకొనవలెనని మరవను ఎత్తుచేసినను, ఈ లెక్క తలక్రిందులై నీరు కట్టమీదికి ఎక్కును. మట్టికట్ట పైనుండి పారిన నీరు కట్టను కోసివేయును.

గొలుసు లెక్క వేరు. అక్టోబరులో చెరువులు ఒట్టిపోయియున్నచో తొలి వాన యంతయు వానిలోనే ఆగి, ఏటికి బొట్టైనను రాదు. అప్పుడు గొలుసు రక్షకము. నవంబరు నడుమ చెరువులన్నియు మరవ పారుచున్నచో అదే వాన అడ్డులేక ఏటిని చేరును. పై చెరువుకు గండి పడినచో దాని నీరంతయు క్రింది చెరువుమీదికి ఒక్కసారిగా వచ్చి దానిని తెంచును. అప్పుడు గొలుసు విధ్వంసకము. ఒకే పరీవాహము ఒకే వానకు రెండు విధములుగా ప్రవర్తించుటకు కారణము చెరువులలో ఆనాటి మట్టము. పరదేశగణనలలో చిన్న గుంటలనన్నిటిని కలిపి ఆరంభనష్టమను ఒక్క సంఖ్యగా వేయుట వాడుక. ఆ వాడుక ఈ సీమయందు ప్రమాదకరము. ప్రతి చెరువును ఒక ముడిగా, ప్రతి మరవకాలువను ఒక దారముగా గ్రహించి, నాటినాటి మట్టములతో ఆరంభించు గణనయే ఇచట యథార్థము కాగలదు.

కట్ట తెగు క్రమమును లెక్కించుటకు ప్రత్యేకపద్ధతులు కలవు. అమెరికా వాతావరణశాఖలో డానీ ఫ్రెడ్ రూపొందించిన డ్యామ్‌బ్రేక్ ప్రోగ్రాము వీనికి మూలము. గండి ఎంత వెడల్పగును, ఎంతసేపటికి పూర్తియగును అను రెండు విషయములు పూర్వము తెగిన కట్టల అనుభవమునుండి ఊహింపవలసినవే. గండి అరగంటలో పూర్తియైనప్పటి శిఖరప్రవాహమునకును, రెండుగంటలలో పూర్తియైనప్పటి శిఖరప్రవాహమునకును చాల వ్యత్యాసముండును. అందుచే ఒక్క సమాధానము గాక, సంభావ్యమైన సమాధానముల శ్రేణిని చూపుట నిజాయితీగల గణన.

చెయ్యేటి కథ ఈ విషయమున గొప్ప పాఠము. పైన పింఛా కట్ట తెగినది. పిమ్మట నవంబరు 19 ఉదయమున అన్నమయ్య జలాశయపు మట్టికట్ట తెగినది. ఆ జలాశయపు పూర్తి నిలువ 2.24 టి.ఎం.సి. సెకనుకు మూడులక్షల ఘనపుటడుగుల ప్రవాహము వచ్చినచో, అంతటి జలాశయము అడుగునుండి అంచువరకు నిండుటకు రెండుగంటల నాలుగు నిమిషములు చాలును. ఈ లెక్కకు పెద్దయంత్రము అక్కరలేదు. కాని ఇది చెప్పు నీతి గొప్పది. జలాశయమునొద్ద మట్టము పెరుగుట చూచి మేల్కొనినచో కాలము మించిపోవును. పైతట్టు వానను, పైతట్టు కట్టలను చూచి మేల్కొనవలెను. ముందునాడే కొంత ఖాళీచేసియున్నచో, గేట్లన్నియు తెరిచియున్నచో, పై కట్ట నిలిచియున్నచో ఏమయ్యెడిదను ప్రశ్నలను యంత్రములో ఎన్నిమారులైనను నడిపి చూడవచ్చును. ఎవరికిని హాని లేకుండ దుర్ఘటననుండి నేర్చుకొను అవకాశము అనుకరణమునకు గల మహోపకారము. 2021 డిసెంబరులో అమలునకు వచ్చిన డ్యాముల భద్రతాచట్టము పెద్ద ఆనకట్టలకు ఆపత్కాలప్రణాళికలను విధించినది; పదిమీటర్లకు లోబడిన మట్టికట్టలు, అనగా మన చెరువులలో అత్యధికము, దాని పరిధిలో లేవు. వాని బాధ్యత రాష్ట్రమును, స్థానికసంస్థలను చేరుచున్నది.

ముందస్తు సూచన

కేంద్ర జలసంఘము 1958లో ఢిల్లీయొద్ద యమునమీద ఆరంభించిన వరదసూచన నేడు దేశములోని మహానదులకు వ్యాపించినది. మహానదుల సూచన ఎంత ముఖ్యమో 2009 అక్టోబరులో తుంగభద్ర ఉప్పొంగి కర్నూలు మునిగినపుడు తెలిసినది; చిన్న ఏళ్ళను మరచుట ఎంత చేటో 2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచినపుడు తెలిసినది. తిరుపతి, చిత్తూరుల ఏళ్ళన్నియు బుడమేటి తరగతివి.

చిన్న ఏటికి వ్యవధి చాలదు గనుక, కురిసిన వాననేగాక కురియబోవు వానను కూడ గణనలోనికి తీసికొనవలెను. ఇందుకు ఈ సీమ అదృష్టవంతము: తిరుపతికి చేరువ గాదంకిలో 1992లో స్థాపితమైన రాడారు కేంద్రము నేడు జాతీయ వాతావరణ పరిశోధనశాలగా వెలయుచున్నది, శ్రీహరికోటలో డాప్లర్ రాడారు కలదు. ఐనను ఒక చిక్కు మిగులును. వాతావరణగణన వానమేఘమును ఇరువది కిలోమీటర్లు అటునిటు చూపుట సామాన్యమైన దోషము. శేషాచలపు శిఖరరేఖకు ఆవల పడిన వాన చెయ్యేటికి, ఈవల పడిన వాన స్వర్ణముఖికి పోవును. అందుచే ఒక్క వానను గాక, కొంచెము కొంచెము మార్చిన అనేక వానలను ఒకేమారు నడిపి, పదింటిలో ఏడు గణనలు ఈ కాలనీ మునుగునని చెప్పుచున్నవని సంభావ్యతగా ప్రకటించుట శ్రేయము. లెక్కకు సమయము చాలనిచోట వేలకొలది వరదలను ముందుగానే లెక్కించి దాచియుంచి, వాన వచ్చినపుడు దానికి దగ్గరి పటమును తీయుట మరియొక ఉపాయము. 2019లో చెన్నపట్టణమునకై ఏర్పడిన సీ-ఫ్లోస్ వ్యవస్థ ఈ మార్గమున నడుచుచున్నది. తిరుపతికిని ఇది తగినది.

యంత్రాభ్యసనము నేటి కొత్తదారి. పూర్వపు వానలను, ప్రవాహములను చూచి సంబంధమును తానే నేర్చుకొను ఈ విధానమును నేడు వాడుచున్న గూగుల్ సంస్థ 2018లో పాట్నాయొద్ద వరదసూచనలను ఆరంభించినది. కొలతలు లేని పరీవాహములకును ఇది కొంతవరకు పనిచేయునని 2024లో ప్రకటితమైన పరిశోధన చూపినది. అది దినమును ప్రమాణముగా గొన్నది. మన వరదలు గంటలలో వచ్చి గంటలలో పోవును. పైగా చెరువుకట్ట తెగుట వంటి అపూర్వసంఘటన పూర్వపు కొలతలలో లేనిదే యంత్రము దానిని నేర్వజాలదు. భౌతికసూత్రముల గణనకు తోడుగా ఇది గ్రాహ్యము. దానికి మారుగా కాదు.

చేయవలసిన పనులు

ఈ సమీక్షనుండి ఒక క్రమము తేలుచున్నది. గళ్ళ సూక్ష్మతను పెంచుటకంటె, కొత్త ప్రోగ్రాము కొనుటకంటె ముందు చేయవలసినవి కొలతలు. ప్రతి పెద్ద చెరువుమరవయొద్దను మట్టపు కొలబద్దను పాతి, వానకాలమున దినమునకు రెండుమారులును, వాయుగుండపు హెచ్చరిక వచ్చినపుడు గంటకొకమారును నీరుగంటిచేతనో, గ్రామసచివాలయపు ఉద్యోగిచేతనో చదివించి ఒక్కచోటికి పంపించుట అల్పవ్యయసాధ్యము. ఏ చెరువు ఏ మట్టమునకు కట్టనెక్కును, ఏ కట్ట ఎక్కడ బలహీనము అను విషయము తరతరములుగా నీళ్ళు కట్టినవారికి తెలిసియున్నది. దానిని వ్రాసి గణనలో చేర్చవలెను. చెరువుల పూడికను కొలిచి నేటి నిలువను నిర్ణయింపవలెను. స్వర్ణముఖి, నీవా, కౌండిన్యల అడ్డుకోతలను ప్రతి వరద పిమ్మటను తిరిగి గీయవలెను. 2021 నీరు ఇంటింట ఎంత ఎత్తునకు వచ్చెనో గోడల మచ్చలు చెరగకముందే, చూచినవారి జ్ఞాపకము మసకబారకముందే నమోదు చేయవలెను. ఉపగ్రహము తలమీదికి వచ్చునప్పటికి మన యేటివరద తీసిపోవుటయు కలదు గనుక, గణనను పరీక్షించుటకు ఆ మచ్చలకంటె మేలైన సాక్ష్యము దొరకదు. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, తిరుపతి ఐ.ఐ.టి., గాదంకి పరిశోధనశాల ఒకే పరీవాహమును, కల్యాణి స్వర్ణముఖులను గ్రహించి, కలిసి ఈ పనికి పూనుకొనినచో, విద్యార్థుల పరిశోధనలే కొన్ని యేండ్లలో ఒక నమ్మదగిన గణనగా పరిణమింపగలవు.

ఫలితమును ప్రకటించు రీతియు శాస్త్రములో భాగమే. క్యూసెక్కులలో చెప్పిన హెచ్చరిక అధికారికి అర్థమగును గాని, ఏటియొడ్డు కాలనీలోని తల్లికి అర్థము కాదు. రాత్రి పదిగంటలకు మీ వీధిలో నడుములోతు నీరు రాగలదు, పిల్లలతో ఫలానా పాఠశాలకు చేరుడని ఆమెకు చెప్పవలెను. అట్లు చెప్పుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము కొలతలవలన వచ్చును. కొలతలు వానలేని నెలలలో, ఎవరును వరదను తలంపని కాలమున, ఓపికతో చేసిన పనివలన వచ్చును. సెయింట్ వెనాన్ సూత్రములు నూటయేబదియేండ్లుగా సిద్ధముగా నున్నవి. మన చెరువుల మట్టములను ఆ సూత్రములకు అందించు పని మాత్రము ఇంకెవరును మనకు చేసిపెట్టరు. రాబోవు ఈశాన్యఋతుపవనమునకు ముందే ఒక్క గొలుసుతో, ఒక్క ఏటితోనైనను దానిని ఆరంభింపవలెను.